ఉగాది వేడుక: తెరపై చూపే స్లైడ్లలో లింకులు తెరుచుకోవడం లేదు

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. పరాభవ నామ సంవత్సర ఉగాది వేడుక మార్చి 28, శనివారం. పంచాంగ శ్రవణం తరువాత చూపవలసిన స్లైడ్ల లింకును నిన్న సభ్యులకూ దాతలకూ పంపాము. ఇక వేపపువ్వు, వేదిక అలంకరణ, పార్కింగు దగ్గర మనుషులు, పిల్లల నృత్యాల వరుస మిగిలాయి. ఎవరు ఏది చూసుకుంటారో ఈ రాత్రిలోగా తెలియజేయగలరు.

సాంస్కృతిక విభాగం: స్లైడ్లు తెరుచుకున్నాయి గానీ, ఏ వీడియో నొక్కినా అనుమతి అడగమంటోంది. మా ఇంట్లో అన్ని ఫోన్లలోనూ ఇదే తంతు.

కోశాధికారి: దాతల పరిస్థితి మరీ ఇబ్బందిగా ఉంది. తమ ప్రకటన కింద ఉన్న లింకు ఎక్కడికీ వెళ్లడం లేదని ఉదయం నుంచి ఫోన్లు చేస్తున్నారు. డబ్బు తీసుకున్నాము కనుక సమాధానం చెప్పుకోవలసింది నేనే.

సాంకేతిక విభాగం: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. గూగుల్ స్లైడ్స్‌లో ప్రదర్శనను పంచుకున్నంత మాత్రాన, అందులో పెట్టిన గూగుల్ డ్రైవ్ వీడియోలను కూడా పంచుకున్నట్టు కాదు. ఒక్కొక్క వీడియో దగ్గరికీ వెళ్లి, లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చునని విడిగా మార్చాలి. దాతల స్లైడ్లు ఎవరి ల్యాప్‌టాప్‌లోనో పవర్‌పాయింట్‌లో తయారైనవి. లింకు మీద మౌస్ పెట్టి చూడండి, వెబ్‌సైటు చిరునామాకు బదులు 'సి' డ్రైవులోని డౌన్‌లోడ్స్ ఫోల్డరు కనిపిస్తుంది. ఆ దారి ఆ ఒక్క యంత్రంలోనే ఉంటుంది, దాతల ఫోనులో ఎలా తెరుచుకుంటుంది?

ఆహార విభాగం: పులిహోర ఎంతమందికి చెప్పమంటారు?

సమన్వయకర్త: ఇప్పుడే హాలు ఇస్తున్న పాఠశాల నుంచి ఉత్తరం వచ్చింది. బయటి ల్యాప్‌టాప్‌లను వారి నెట్‌వర్కుకు కలపనివ్వరట. వారి కంప్యూటరే వాడాలి, అందులో యూట్యూబ్ తెరుచుకోదు. పెన్‌డ్రైవుకు మాత్రం అభ్యంతరం లేదన్నారు.

సాంకేతిక విభాగం: అయితే వీడియోలు తీసేసి ఫొటోలతో సరిపెడదాం.

సాంస్కృతిక విభాగం: అంత తేలిగ్గా ఎలా అంటారు అన్నగారూ? విజయవాడ నుంచీ వరంగల్ నుంచీ పిల్లల అమ్మమ్మలు, తాతయ్యలు పట్టుచీరలు కట్టుకుని, పంచెలు కట్టుకుని, మనవలను పేరుపేరునా పలకరిస్తూ పంపిన శుభాకాంక్షలవి. ఏటా మీ సౌకర్యం కోసం మా కార్యక్రమమే కుదించుకోవాలా?

సాంకేతిక విభాగం: వదినగారూ, ఆఖరి వారంలో అన్నీ నా నెత్తిన వేసి, ఇప్పుడు సౌకర్యమంటే ఏమనుకోవాలి?

అధ్యక్షులు: ఇద్దరూ కాస్త శాంతించండి. వీడియోలు ఉంటాయి. ఇంటర్నెట్ లేకుండా నడిచే ఉపాయం చెప్పండి.

యువజన విభాగం: ఉంది అంకుల్. గూగుల్ స్లైడ్స్‌ను పవర్‌పాయింట్ ఫైలుగా దించుకుంటే సరిపోదు, వీడియో అందులోకి రాదు. డ్రైవ్ నుంచి ఎంపీ4 ఫైళ్లను విడిగా దించుకుని, పవర్‌పాయింట్‌లో ఇన్సర్ట్ నొక్కి చేర్చాలి. పక్కనున్న బాణం గుర్తు కింద 'లింక్ టు ఫైల్' అని ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే వీడియో ఫైలులో చేరదు, అది ఉన్న చోటికి దారి మాత్రమే ఉంటుంది, మళ్లీ మొదటికే వస్తాము. నేను ఈ రాత్రి కూర్చుంటాను.

సాంకేతిక విభాగం: మంచిది, నేనూ వస్తాను. వదినగారూ, మీ దగ్గరున్న అసలు వీడియోలను డ్రైవ్‌లో వేయండి; వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గి పెద్ద తెర మీద మసకగా కనిపిస్తాయి.

సాంస్కృతిక విభాగం: వేస్తున్నాను. భోజనం మా ఇంట్లోనే చేయండి, ఇద్దరూ.

కోశాధికారి: మరి దాతల మాట?

యువజన విభాగం: హాల్లో కూర్చున్నవాళ్లు తెర మీది లింకును ఎలాగూ నొక్కలేరు కదా. వారి వెబ్‌సైట్లకు క్యూఆర్ కోడ్లు చేసి, ముద్రించే కార్యక్రమ పత్రం వెనుక వేద్దాం. సరైన చిరునామాలను దాతల నుంచే తెప్పించండి.

కోశాధికారి: వారికి ఇప్పుడే రాస్తున్నాను. రెండు పేజీల పత్రం నాలుగు పేజీలవుతుంది, ఆ ఖర్చు నేను సర్దుతాను.

సాంకేతిక విభాగం: ఫైలు ఈమెయిలులో పట్టదు, జీమెయిల్ హద్దు 25 ఎంబీ. రెండు పెన్‌డ్రైవులలో వేసి శుక్రవారం సాయంత్రం హాలుకు తెస్తాము. వారి కంప్యూటరులో ప్రతి వీడియోనూ స్లైడ్ షో పెట్టి, ధ్వనితో సహా చివరిదాకా చూడాలి. తాళం తీయించేవారు ఎవరో చెప్పండి.

అధ్యక్షులు: నేను తీయిస్తాను, ఆరింటికి రండి.