పెళ్లికి వాడే జర్మన్ సూప్ మన పాలకొల్లులో చేయడం ఎలా?

పాలకొల్లు పిన్ని:
మా అక్క కొడుకు పెళ్లి మాఘమాసంలో మా ఊళ్లోనే. పెళ్లికూతురు జర్మనీలో ఓస్నాబ్రూక్ అమ్మాయి. అమ్మానాన్నలతో పాటు వాళ్ల అమ్మమ్మగారు కూడా వస్తున్నారు. వాళ్ల వైపు పెళ్లి భోజనం హోఖ్‌ట్సైట్స్‌జుప్పె అనే సూప్‌తోనే మొదలవుతుందట. ముందురోజు రాత్రి పదిహేను మందికి అది నా చేత్తో చేసి పెట్టాలని ఉంది. మా ఇంట్లో బీఫ్ వండం, తెల్ల ఆస్పరాగస్ ఇక్కడ దొరకదు. నాటుకోడితో చేయవచ్చా? ఫొటోలో పసుపు రంగు ముక్కలు తేలుతున్నాయి, అవేంటి? ఆ పెద్దావిడకి తన ఊరి రుచే అందాలి. అదొక్కటే నా టెన్షన్.

భీమవరం వంటిల్లు:
నాటుకోడి బ్రహ్మాండంగా ఉంటుందండీ. అల్లం వెల్లుల్లి దట్టించి, చివర్లో కాస్త కార్న్‌ఫ్లోర్ కలపండి, చిక్కగా వస్తుంది.

రాజోలు ఆడపడుచు, హానోవర్:
కార్న్‌ఫ్లోర్ వద్దండీ, అల్లం వెల్లుల్లీ వద్దు. ఈ సూప్ ప్రాణమంతా రసం తేటగా ఉండడంలోనే ఉంది. గిన్నె అడుగు కనిపించాలి. మా పక్కింటి ముసలావిడ దగ్గర నేర్చుకున్నాను, ఆవిడ చేసే పద్ధతే చెబుతున్నాను.

బీఫ్ లేకపోయినా లోటేమీ లేదు, ఇక్కడ కోడితోనూ చేస్తారు. సూప్‌కని అమ్మేది గుడ్లు పెట్టడం అయిపోయిన కోడే. మన తణుకు వైపు లేయర్ ఫారాల్లో దొరికేది అదే కదా! మూడు కోళ్లు, ఆరు లీటర్ల చన్నీళ్లు. నీళ్లు వేడెక్కేకొద్దీ తేలే నురగ ఓపిగ్గా తీసేయండి. ఒక్కసారి కూడా తెర్లనివ్వకూడదు, తెర్లితే రసం తెల్లగా మడ్డిగా అయిపోతుంది. మూడు గంటలు సన్నసెగ మీదే. గంట ఉందనగా క్యారెట్, ఉల్లికాడల తెల్ల భాగం, కాస్త సెలరీ, మిరియాలు, బిరియానీ ఆకు వేయండి. ఉల్లిపాయని తొక్కతోనే అడ్డంగా కోసి, పెనం మీద కోసిన వైపు నల్లగా మాడ్చి వేస్తే రసానికి బంగారు రంగు వస్తుంది. తర్వాత పల్చటి గుడ్డలో వడగట్టాలి.

ఆ పసుపు ముక్కలు ఐయర్‌ష్టిష్, గుడ్డుతో చేస్తారు. మన జున్ను వండినట్టే. ఆరు గుడ్లు, పావు లీటరు పాలు, ఉప్పు, కొద్దిగా జాజికాయ పొడి. నురగ రాకుండా కలిపి, వడగట్టి, నెయ్యి రాసిన గిన్నెలో పోసి, మూతపెట్టి ఇడ్లీ పాత్రలో చిన్నమంట మీద ఉడికించండి. మంట పెద్దదైతే లోపల బొక్కలు పడతాయి. చల్లారాక చిన్న చిన్న ముక్కలు.

చికెన్ కీమాలో పాలల్లో నానిన బ్రెడ్, గుడ్డు, ఉప్పు, మిరియాలు, జాజికాయ కలిపి గోలీలంత ఉండలు చేసి, విడిగా ఉప్పునీళ్లలో ఉడికించండి. సన్న నూడుల్స్ కూడా విడిగానే, లేకపోతే పిండి దిగి రసం మసకబారుతుంది.

ఆస్పరాగస్ గురించి బెంగ వద్దు. ఇక్కడ తాజాది ఏప్రిల్ నుంచి జూన్ 24 వరకే, మాఘంలో అయితే మాకైనా సీసాలోదే గతి. దొరక్కపోతే కాలీఫ్లవర్ చిన్న పువ్వులు వేయండి.

పాలకొల్లు పిన్ని:
ఎంత వివరంగా చెప్పారమ్మా! లేయర్ కోళ్లు తెప్పిస్తాను. పైన కొత్తిమీర వేయొచ్చా? ఉడికిన కోడి మాంసం ఏం చేయాలి?

రాజోలు ఆడపడుచు, హానోవర్:
కొత్తిమీర వేస్తే వాసన మన వైపుకి వచ్చేస్తుంది పిన్నిగారూ. పార్స్‌లీ దొరికితే సరే, లేకపోతే ఏమీ వద్దు. మాంసం పీచులుగా తీసి కొంచెం సూప్‌లో వేయండి, మిగతాది మీవాళ్లకి వేపుడు చేసేయండి. ఐయర్‌ష్టిష్ ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. వడ్డించేటప్పుడు ముక్కలూ ఉండలూ నూడుల్స్ ముందు గిన్నెల్లో సర్ది, పైన పొగలు కక్కే రసం పోయండి. మనిషికి పావు లీటరు లెక్క.

కొత్తపేట నుంచి:
మా బంధువులు దక్షిణాన ష్టుట్‌గార్ట్‌లో ఉంటారు. అక్కడ పల్చగా పోసిన అట్టుని చుట్టి, సన్నగా రిబ్బన్లలా కోసి వేస్తారు. మీవాళ్లది ఉత్తరం కాబట్టి గుడ్డు ముక్కలే సరైనవి. కొన్ని ఇళ్లలో ఎండుద్రాక్ష కూడా వేస్తారు, అమ్మాయిని ఒకమాట అడగండి.