కన్యాశుల్కం: ముందు చదవాలా, ముందు చూడాలా?

గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని కళాశాలలో చదువుతున్న మా అమ్మాయితో కలిసి పూర్తిగా చదివి, రంగస్థలం మీద కూడా ఆమెకు చూపించాలని నా కోరిక. ఇందుకు నాటకాభిమానుల సలహా అర్థిస్తున్నాను.

1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై 1897లో అచ్చయిన రూపానికీ, గురజాడ వారు తిరగరాసి 1909లో వెలువరించిన రూపానికీ చాలా భేదం ఉంది. వేశ్య అయిన మధురవాణి పాత్రకు నిండుదనం వచ్చింది రెండవ కూర్పులోనే కాబట్టి దానినే చదవాలనుకుంటున్నాము. ఆనాటి విజయనగరం పలుకుబడికీ, ఆచారాలకూ, కోర్టు వ్యవహారాలకూ వివరణలున్న ముద్రణ ఏదైనా మీకు తెలుసా?

ఏడంకాల నాటకాన్ని ఒక్క పూటలో ఆడడం కష్టం కనుక కుదించక తప్పదు. అయితే నేను చూసిన ప్రదర్శనలలో గిరీశం హాస్యానికే పెద్దపీట వేసి, బుచ్చమ్మ, మీనాక్షి వంటి వితంతువుల దుస్థితినీ, పురుషవేషంలో వచ్చిన మధురవాణికీ వకీలు సౌజన్యారావు పంతులు గారికీ మధ్య చివర జరిగే సంభాషణనూ హడావుడిగా దాటించారు. ఆ సంభాషణ లేకపోతే నాటకం అసంపూర్ణమేనని నా నమ్మకం. గురజాడ వారి చూపులోని కారుణ్యం అక్కడే బాగా తెలుస్తుంది.

ఆ ఘట్టాలను వదలకుండా ఆడుతున్న నాటక సమాజాలు గానీ, సుదీర్ఘ ప్రదర్శనల వీడియోలు గానీ ఉంటే దయచేసి తెలియజేయండి. నాటకాలకు కొత్తవారైన యువత ముందుగా చదివితే మంచిదా, చూస్తే మంచిదా అన్నది కూడా మీ అనుభవం నుండి చెప్పగలరు.