ఒడిశాలోని పర్లాకిమిడిలో కిరాణా కొట్టు: అమ్మకం తగ్గింది, అరువు పెరిగింది

ప్రశ్న: నెల అమ్మకం 3 లక్షల నుంచి 2 లక్షలకు పడిపోయింది. అరువు 90 వేలు ఉండిపోయింది. బ్యాంకు సీసీ (సరుకు మీద ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) 2 లక్షలూ వాడేశాం. ఆంధ్రాలోని పాతపట్నం వైపు ఊళ్లకు ఆటోలో సరుకు పంపితే గట్టెక్కుతామా?

జవాబు 1: ముందు అరువు పుస్తకం తియ్యండి. 30 రోజుల్లోపువి, 60 లోపువి, అది దాటినవి వేరుచెయ్యండి. పదిశాతం లాభానికి అమ్మేచోట వెయ్యి అరువు మునిగితే, పూడ్చడానికి పదివేలు అమ్మాలి. పాత బాకీదారుకు సరుకు పూర్తిగా ఆపకండి, పక్క కొట్టుకు పోతాడు. కొత్తది నగదుకే ఇచ్చి, వచ్చినప్పుడల్లా పాతదాంట్లో వందైనా అతని ఎదుటే జమ రాయండి. రవ్వ, శనగపిండి వారానికి సరిపడానే తెండి. పురుగు పడితే అదీ నష్టమే.

జవాబు 2: చిన్న వ్యాపారులు అమ్మకం మీద 1 శాతం పన్ను కట్టే జీఎస్టీ కాంపోజిషన్‌లో ఉన్నారా? అయితే ఆటో వద్దు. పాతపట్నం మనిషి మీ కౌంటర్ దగ్గర కొని పట్టుకెళ్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. మీరే రాష్ట్ర సరిహద్దు దాటించి చేరవేస్తే అది అంతర్రాష్ట్ర అమ్మకం, 1 శాతం పన్ను పథకానికి అర్హత పోతుంది.

ప్రశ్న అడిగినవారు: కాంపోజిషనే అన్నా. ఆటో మానేస్తాం. మరి సీసీ?

జవాబు 3: వడ్డీ ఏ నెలదానెల కట్టెయ్యండి. ఖాతా 90 రోజులు గాడి తప్పితే (వడ్డీకి సరిపడా జమ పడకపోతే) మొండిబాకీ కింద రాస్తారు. బ్యాంకు సాధారణంగా డబ్బు చెల్లించి తెచ్చిన సరుకులో పాతిక శాతం తీసేసి మిగతాదానికే అప్పిస్తుంది. సరుకు తగ్గితే వాడుకునే పరిమితీ తగ్గుతుంది. వడ్డీ కట్టడం తప్పకముందే మేనేజర్‌ను కలిసి, కొంత భాగాన్ని నెలవారీ వాయిదాల అప్పుగా మార్చమని రాతపూర్వకంగా అడగండి.