అప్‌డేట్: గ్రాఫుల్లో ఫాంట్ల గొడవ తీరింది

మహేంద్రతనయ నది ప్రాంతపు వర్షపాతం గ్రాఫుల్లో అక్షరాలు ఆనడం లేదు, ఏ ఫాంట్ మంచిదని పర్లాకిమిడి నుంచి అడిగాను కదా. మీరన్నట్టు ముందు సైజు చూశాను. 10 అంగుళాల బొమ్మను 3.5 అంగుళాల కాలమ్‌లో ఇరికిస్తే 10 పాయింట్ల అక్షరం 3.5కి దిగిపోతుంది, భూతద్దం పెట్టాల్సిందే! ఇప్పుడు మొదటే 3.5 అంగుళాల వెడల్పులో, ఏరియల్ 8 పాయింట్లతో గీస్తున్నా.

టైప్ 3 ఫాంట్లున్నాయని (ప్రతి అక్షరాన్నీ బొమ్మలా గీసే పీడీఎఫ్ ఫాంట్ రకం) జర్నల్ వాళ్లు పీడీఎఫ్ తిప్పి పంపారు. నేను గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మాట్‌ప్లాట్‌లిబ్‌లో పీడీఎఫ్ ఫాంట్‌టైప్ 42 (అంటే ట్రూటైప్) పెట్టాక తీసుకున్నారు.

థీసిస్‌లోని తెలుగు లేబుళ్లే ఏడిపించాయి. నా దగ్గరున్న మాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్‌లో ‘వర్షపాతం’లోని ‘ర్ష’ విడిపోయి ర్, ష పక్కపక్కన నిలబడ్డాయి. అక్షరాలు పేర్చే పనిని టైప్‌సెట్టింగ్ వ్యవస్థ లాటెక్‌కు అప్పగించే పీజీఎఫ్ బ్యాకెండ్‌లో జీలాటెక్ (యూనికోడ్ ఫాంట్లు వాడుకోగల లాటెక్ రూపం) వాడి, నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌కు స్క్రిప్ట్ కూడా తెలుగు అని చెప్తే ఒత్తు కుదిరింది. కాస్త నిదానమే అనుకోండి. మా గైడ్ గారు ఒడియా లేబుళ్లూ కావాలంటున్నారు, అవీ ఇలాగే ప్రయత్నిస్తా.