నెబ్రాస్కా హోమ్‌స్టెడ్ కుటుంబం: 1880కి వెనక్కి వెళ్లే దారి ఏది?

ఒమాహా కోడలు:
అందరికీ నమస్కారం. మావారి తాతగారి తాత అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, గేజ్ కౌంటీలో (మన జిల్లా లాంటిది), హోమ్‌స్టెడ్ చట్టం (ప్రభుత్వ భూమిని అక్కడే ఉండి సాగుచేసేవారికి ఇచ్చిన చట్టం) కింద భూమి సంపాదించిన తొలితరం రైతు అని ఇంట్లో చెప్పుకుంటారు. 1880 జనాభా లెక్కల్లో ఆ కుటుంబం దొరికింది. ఆయన వయసు 38, పుట్టింది ఒహాయోలో, తల్లిదండ్రులిద్దరూ పెన్సిల్వేనియా వారు. భార్య ఇల్లినాయిలో పుట్టింది. పెద్దబిడ్డ అయోవాలోనూ, తర్వాతి ఇద్దరూ నెబ్రాస్కాలోనూ పుట్టారు. అంతకు వెనక్కి అడుగు పడడం లేదు. ఆయన పేరూ, ఇంటిపేరూ రెండూ ఊరికి నలుగురికి ఉండేవే కావడంతో 1850 ఒహాయో పట్టికల్లో అదే పేరున్న ఈడు పిల్లలు అరడజను మంది కనిపిస్తున్నారు. ఆమె పుట్టింటివారి ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. ఇంటర్నెట్‌లో మూడు వంశవృక్షాలు ఉన్నాయి కానీ ఒక్కొక్కటీ ఆయనకు ఒక్కో తండ్రిని చూపిస్తోంది. మా పిల్లలకు అమ్మ వైపు వంశం ఏడు తరాల దాకా చెప్పగలను, నాన్న వైపు అయిదో తరం దగ్గరే ఆగిపోతున్నాను. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

పాతకాగితాల ప్రియుడు:
ముందుగా ఆ మూడు వంశవృక్షాలనూ పక్కన పెట్టండి. ఒకరు ఊహించి రాసినదాన్ని పదిమంది నకలు చేసుకోవడమే అక్కడ ఎక్కువగా జరుగుతుంది.

జనాభా లెక్కల విషయానికి వస్తే, ఏ పదేళ్ల పట్టిక ఏమి చెప్పగలదో తెలుసుకుని అంతవరకే నమ్మాలి. 1790 నుంచి 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, మిగతావారిని వయసుల వారీగా అంకెల్లో చూపారు. బానిసలు కాని ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. అయితే ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో, తల్లిదండ్రులు ఏ రాష్ట్రంలో పుట్టారో మొదటిసారి రాసింది 1880లోనే. కాబట్టి 1850 పట్టికలో ఒకే ఇంట్లో కనిపించినంత మాత్రాన ఆ పిల్లవాడు ఆ ఇంటి కొడుకేనని అనుకోవడానికి లేదు. అన్న కొడుకు కావచ్చు, మారుటి భార్య వెంట వచ్చిన పిల్లవాడు కావచ్చు, పొలం పనికి పెట్టుకున్న కుర్రవాడు కావచ్చు.

1890 లెక్కలు 1921 జనవరిలో వాషింగ్‌టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడయ్యాయి. మిగిలినవాటిలో అధికభాగాన్ని తర్వాత ప్రభుత్వమే పారేసింది. మీ అదృష్టం ఏమిటంటే, నెబ్రాస్కాలో 1885లో కూడా లెక్కలు తీశారు, అందులోనూ బంధుత్వం రాశారు. ఆ ఇంట్లో అత్తగారో, బావమరిదో ఉన్నట్టు రాసి ఉంటే మీకు కావలసిన పుట్టింటి పేరు అక్కడే దొరకవచ్చు.

లింకన్ నివాసి:
పై మాటలన్నీ సరైనవే. అయితే జనాభా లెక్కల గుమాస్తాకు ఆ రోజు గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది ఎవరో మనకు తెలియదు. పక్కింటివారు కూడా అయివుండవచ్చు. భూమి దస్త్రం అలా కాదు. అందులో మనిషి తన గురించి తానే ప్రమాణం చేసి చెప్పి సంతకం పెడతాడు. అందుకే నా మటుకు నేను ఎప్పుడూ దానితోనే మొదలుపెడతాను.

1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు, లేదా కుటుంబ పెద్ద అయినవారు, 160 ఎకరాలకు అర్జీ పెట్టుకోవచ్చు. పెళ్లికాని స్త్రీలకూ, వితంతువులకూ ఆ హక్కు ఉండేది. అయిదేళ్లు అక్కడే నివసించి సాగు చేశాక, సాక్షులతో తుది రుజువు ఇస్తే పట్టా వచ్చేది. ఆ పట్టా బొమ్మ భూ నిర్వహణ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది కానీ అందులో పేరు, తేదీ, భూమి హద్దులు తప్ప మరేమీ ఉండవు. అసలు సరుకు నేషనల్ ఆర్కైవ్స్ (అమెరికా ప్రభుత్వ పాత పత్రాల భాండాగారం) లోని దస్త్రంలో ఉంటుంది. నెబ్రాస్కా దస్త్రాలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లోకి వచ్చాయి కూడా.

అందులో ఏముంటుందో చూడాలంటే మీ కౌంటీలోనే గొప్ప ఉదాహరణ ఉంది. చట్టం అమలులోకి వచ్చిన 1863 జనవరి 1నే బ్రౌన్‌విల్ భూమి కార్యాలయంలో అర్జీ పెట్టిన డేనియల్ ఫ్రీమన్ భూమి బియాట్రిస్ ఊరి పక్కనే ఉంది, ఇప్పుడది జాతీయ చారిత్రక ఉద్యానం. ఆయన రుజువు పత్రంలో ఇల్లు 14 అడుగులకు 20 అడుగులనీ, కొంత దుంగలతో, కొంత చెక్క పలకలతో కట్టిన ఒంటి అంతస్తనీ, రెండు తలుపులు, రెండు కిటికీలు ఉన్నాయనీ, గొర్రెల కొట్టం వంద అడుగుల పొడవనీ, 40 ఆపిల్ చెట్లు, సుమారు 400 పీచ్ చెట్లు నాటాడనీ సాక్షులు చెప్పారు. మీ వారి పూర్వీకుడి ఇంటికి ఎన్ని కిటికీలు ఉండేవో కూడా తెలుసుకునే వీలుందన్నమాట.

సాక్షుల పేర్లను మాత్రం తేలికగా వదిలేయకండి. 1879 తర్వాత తుది రుజువు ఇవ్వబోయేవారు దగ్గరి వార్తాపత్రికలో నలుగురు సాక్షుల పేర్లతో ప్రకటన వేయించాలనే నియమం వచ్చింది. వారు పొరుగు రైతులు. కొత్త ప్రాంతంలో పొరుగున దిగినవారు చాలాసార్లు భార్య తరఫు వాళ్లో, పాత ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్లో అయివుంటారు. ఆయన పేరుతో 1850 ఒహాయోలో వెతికితే ఆరుగురు దొరుకుతారు. ఆయన పేరూ, ఆ సాక్షుల ఇంటిపేర్లూ ఒకే టౌన్‌షిప్‌లో (కౌంటీలోని చిన్న విభాగం) ఉన్నాయా అని వెతికితే ఒక్కరే మిగలవచ్చు.

మిల్వాకీ మిత్రుడు:
ఒక చిన్న చేర్పు. విదేశంలో పుట్టినవారైతే తుది రుజువు నాటికి పౌరసత్వం చూపాలి కనుక ఆ నకలు కూడా అదే దస్త్రంలో ఉంటుంది. 1906కు ముందు ఏ కోర్టులోనైనా పౌరసత్వం తీసుకునే వీలుండేది కాబట్టి, ఏ కోర్టో చెప్పే ఆ ఒక్క కాగితం ఎంతో శ్రమ తప్పిస్తుంది. మా ఆవిడ పూర్వీకులు జర్మన్లు, వారి విషయంలో మాకు అలాగే దొరికింది. మీ ప్రశ్నకు ఇది నేరుగా సంబంధించదు, కానీ ఇది చదివే మరొకరికి పనికిరావచ్చు.

ఒటో కౌంటీ పరిశోధకురాలు:
ఇంట్లో "హోమ్‌స్టెడ్" అని చెప్పుకున్నంత మాత్రాన అది హోమ్‌స్టెడ్ కాకపోవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. గేజ్ కౌంటీ దక్షిణ భాగంలో ఒటో, మిస్సోరియా అనే ఆదివాసి తెగలకు కేటాయించిన ప్రాంతం (రిజర్వేషన్) ఉండేది. 1876, 1881 చట్టాలతో ఆ భూమిని స్థిరనివాసులకు అమ్మేసి, ఆ తెగలవారిని ఇప్పటి ఒక్లహోమాకు తరలించారు. రైల్వే కంపెనీల దగ్గర కొన్నవారూ ఉన్నారు. మన పూర్వీకులకు భూమి ఎలా వచ్చిందో రాసేటప్పుడు, అది ఎవరి చేతి నుంచి పోయిందో కూడా ఒక వాక్యం రాయడం న్యాయమని నా అభిప్రాయం. పట్టా పేరుతో వెతికితే ఏమీ రాకపోతే, అర్జీ పెట్టి మధ్యలో వదిలేసి ఉంటాడు. అలాంటివారు చాలామంది. వారి దస్త్రాలూ ఉన్నాయి కానీ, వాటికి పేర్ల సూచిక బదులు భూమి వారీగా రాసిన ట్రాక్ట్ పుస్తకాలను తిరగేయాలి.

ఒమాహా కోడలు:
మీ అందరికీ కృతజ్ఞతలు. దస్త్రం దొరికింది, భూమి హోమ్‌స్టెడ్‌దే. అర్జీ పెట్టిన నాలుగేళ్లలోపే తుది రుజువు ఇచ్చినట్టు ఉంది. అయిదేళ్లు కావాలి కదా? పత్రికా ప్రకటన ముక్క కూడా అందులో అంటించి ఉంది. ఆ నలుగురు సాక్షులలో ఒకరి ఇంటిపేరు, 1885 లెక్కల్లో మా ఇంట్లోనే "అత్తగారు" అని రాసిన 70 ఏళ్ల ముసలమ్మ ఇంటిపేరు ఒకటే. ఇక పుట్టింటి పేరు తేలిపోయినట్టేనా?

విశ్రాంత గ్రంథపాలకుడు:
అప్పుడే తేలిపోయిందనకండి. ఆ ముసలమ్మ మారు మనువు చేసుకుని ఉంటే ఆ పేరు రెండో భర్తది అవుతుంది, అప్పుడు ఆ సాక్షి ఆమె కూతురికి, అంటే మీ పూర్వీకుడి భార్యకు, మారుటి సోదరుడు అయివుండవచ్చు.

నాలుగేళ్ల లెక్కకు కారణం బహుశా ఇది. 1872 చట్టం ప్రకారం 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసిన కాలాన్ని ఆ అయిదేళ్లలోంచి తగ్గించుకోవచ్చు. 1842 ప్రాంతంలో పుట్టిన మనిషి కనుక వయసు కూడా సరిపోతుంది. దస్త్రంలో సైన్యం నుంచి విడుదలైన పత్రం నకలు ఉందేమో చూడండి, దాని మీద ఆయన రెజిమెంటు (సైనిక దళం) పేరు ఉంటుంది. దానితో 1890 మాజీ సైనికుల ప్రత్యేక పట్టికను చూడవచ్చు. కాలిపోయిన లెక్కల సంవత్సరానిదే అయినా, ఆ పట్టికలో నెబ్రాస్కా భాగం మిగిలింది.

రెజిమెంటు తెలిస్తే పింఛను దస్త్రం కోరవచ్చు. 1898లో పింఛను కార్యాలయం పింఛనుదారులకు ఒక ప్రశ్నాపత్రం పంపింది. భార్య పూర్తి పేరేమిటి, పెళ్లికి ముందు పేరేమిటి, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేయించారు, అంతకుముందు వేరే పెళ్లి జరిగిందా, బ్రతికున్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఏమిటి అని అందులో అడిగారు. నెబ్రాస్కాలో జనన మరణాల నమోదు రాష్ట్రమంతటా మొదలైంది 1904లో కనుక, మీకు దీనిని మించిన ఆధారం దొరకడం కష్టం.

ఒమాహా కోడలు:
విడుదల పత్రం ఉంది, ఇల్లినాయి పదాతి దళం! ఒహాయోలో పుట్టినవాడు ఇల్లినాయి నుంచి సైన్యంలో చేరాడంటే, 1860 నాటికే ఆ కుటుంబం అక్కడికి చేరివుండాలి కదా. ఆమె పుట్టింది కూడా ఇల్లినాయిలోనే.

పాతకాగితాల ప్రియుడు:
అవును, ఇక ఒహాయోను కొన్నాళ్లు వదిలేసి, ఆయన చేరిన కంపెనీని (రెజిమెంటులోని చిన్న దళం) ఏ కౌంటీలో కట్టారో చూసి, 1860లో ఆ కౌంటీలో రెండు ఇంటిపేర్లనూ కలిపి వెతకండి. వివాహాల రిజిస్టర్ కూడా ఆ కౌంటీ గుమాస్తా దగ్గరే ఉంటుంది. పెద్దబిడ్డ అయోవాలో పుట్టింది కనుక, అక్కడ లేకపోతే అయోవా రాష్ట్రంలోని కౌంటీలు చూడాలి.

విశ్రాంత గ్రంథపాలకుడు:
పింఛను దస్త్రం కోరేటప్పుడు ముఖ్య పత్రాల కట్ట ఒకటి, పూర్తి దస్త్రం ఒకటి అని రెండు రకాలు కనిపిస్తాయి. ఖరీదు ఎక్కువైనా పూర్తి దస్త్రమే అడగండి. ఆయన తర్వాత ఆమె వితంతు పింఛనుకు అర్జీ పెట్టి ఉంటే ఆ కాగితాలూ, ఇరుగుపొరుగువారి వాంగ్మూలాలూ అందులోనే కలిపి ఉంటాయి. చేతికి వచ్చాక ఆ వాంగ్మూలాలు ఇచ్చినవారి పేర్లు ఇక్కడ రాయండి, ఆ నలుగురు సాక్షుల పేర్లతో పోల్చి చూద్దాం.