కీమో అయిపోయినవాళ్లతో అమ్మను మాట్లాడించాలి, నల్గొండ వైపు ఎవరైనా ఉన్నారా?

మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మకు 52 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్, రెండో స్టేజి. హైదరాబాద్‌లో 21 రోజులకోసారి కీమో. 8లో 4 అయ్యాయి, ఈ నాలుగింటిలో ఎక్కించిన ఎర్ర రంగు కీమో మందు ముగిసింది. గడ్డ కరుగుతోందని డాక్టర్ అంటున్నారు. ఇబ్బందంతా భయంతోనే.

కీమోకు రెండు రోజుల ముందు నుంచే నిద్ర ఉండదు. బస్సు దారిలో మాల్ అనే ఊరు దాటగానే వాంతులు, మందు ఎక్కకముందే. ముందురోజు రాత్రికి డాక్టర్ మాత్ర రాశారు. వాంతులు తగ్గాయి, టెన్షన్ తగ్గలేదు. జుట్టు ఊడినప్పటి నుంచి తల మీది కొంగు తీయదు, బతుకమ్మకు కూడా గడప దాటలేదు.

కౌన్సెలర్ దగ్గర రెండుసార్లు కూర్చోబెట్టాం. "ఆ పిల్లకేం తెలుసు, ఆమెకొచ్చిందా?" అంది. వీడియోలు పెడితే ఫోన్ బోర్లా పెట్టేసింది. ఒక్కసారి మాత్రం, పక్క కుర్చీలో కీమో ఎక్కించుకుంటున్న మహబూబ్‌నగర్ ఆమె "నాకు గిట్ల గోర్లు నల్లబడ్డయ్ అక్కా, మళ్లొస్తున్నయ్ సూడు" అని చెయ్యి చాపితే, అమ్మ ఆ చెయ్యి పట్టుకుని అరగంట మాట్లాడింది. నంబర్ తీసుకోవాలని నాకు తట్టలేదు, నా తెలివి అంతే.

ఐదో కీమో వచ్చే మంగళవారం. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ట్రీట్‌మెంట్ పూర్తయి, అమ్మతో అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడగలిగే ఆడవాళ్లను ఎక్కడ, ఎలా కలుసుకోవచ్చు?