కావలిలో పాత మిద్దె: సీలింగ్ పగుళ్లకు ఫాల్స్ సీలింగ్ వేయించవచ్చా?

ప్రశ్న (కావలి నుంచి)
మా తాత కట్టించిన మిద్దె మాది. నడింట్లో టేకు దంతెల మీద ఇటుకలు పేర్చిన పాతకాలం కప్పు. ముందు గదికి మాత్రం 1984లో శ్లాబు పోశారు. దాని అడుగున సిమెంటు చల్లి గరుకుగా వదిలేశారు, అప్పట్లో అదే అందం.

ఇప్పుడు నడింట్లో ఒక దంతెను ఆనుకుని, దాని పొడవునా గోరు దూరేంత పగులు వచ్చింది. పొద్దున లేచేసరికి దుప్పటి మీద సున్నం పొడి. శ్లాబు గదిలో గరుకు పూత మీద తుప్పు చారలు, ఒకచోట అరచేయంత పెచ్చు ఊడి కడ్డీ బయటపడింది. కాంట్రాక్టరు వచ్చి, "రెంటికీ ఫాల్స్ సీలింగ్ కొట్టేద్దాం మేడం, ఏమీ కనపడదు" అన్నాడు. కనపడకపోతేనే నాకు టెన్షన్. మా అమ్మ పడుకునేది ఆ నడింట్లోనే. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు, రిటైర్డ్ సివిల్ ఇంజినీరు)
అమ్మా, ముందు అమ్మగారి మంచం వేరే గదికి మార్చండి. మిగతావి తర్వాత.

రెండు కప్పులకూ జబ్బు వేరు, మందూ వేరు. నడింట్లోది మద్రాస్ టెర్రస్, అంటే మీరు చెప్పిన ఆ దంతెలు, ఇటుకల పాతకాలం కప్పు. దంతె పక్కనే పగిలిందంటే దంతె వంగుతోందేమో, గోడలో దిగిన కొన నెమ్ముకి పుచ్చిందేమో చూడాలి. స్క్రూడ్రైవరు తీసుకుని గోడ దగ్గర కొనను గట్టిగా పొడవండి. గట్టి టేకైతే మొన దిగదు. మెత్తగా దిగిపోతే మాత్రం పూతల మాట పక్కనపెట్టి, కింద పోటు (ఆసరాగా నిలబెట్టే దుంగ) పెట్టించి ఇంజినీరును పిలవండి.

శ్లాబు సంగతి: తుమ్మలపెంట సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, పైనుంచి దిగే నీళ్లు కలిసి కడ్డీని తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పెచ్చు ఊడుతుంది. సుత్తి పిడితో అంతా తట్టి చూడండి, డొల్లగా మోగినచోట సుద్దతో గుర్తు పెట్టండి. అంతవరకే కొట్టించి, కడ్డీ వెనకవైపు కూడా కనపడేదాకా తవ్వి, వైరు బ్రష్‌తో మెరిసేలా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాలి. కడ్డీ బాగా సన్నబడి ఉంటే అదనపు కడ్డీ కట్టాలి. గట్టిగా ఉన్న గరుకు పూతను ఊరికే పగలగొట్టించకండి. వెల్ల పొరలు తడిపి గీకించి, పుట్టీ రెండు పల్చటి పూతలు వేస్తే చాలావరకు నునుపవుతుంది. ఒకేసారి మందంగా పట్టిస్తే ఊడిపడుతుంది.

ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దు. పైన చెమ్మ పెరుగుతున్నా, చెద పడుతున్నా మీకు తెలియదు.

జవాబు (నెల్లూరు, మూలాపేట)
అక్కా, మాదీ ఇలాంటి మిద్దే. నడింటి పగులుకి సిమెంటు పెట్టనీయొద్దు. పాత సున్నం మెత్తన, సిమెంటు గట్టిది, రెండూ పట్టుకోవు. చెమ్మ కూడా బయటికి పోదు. మేము గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి పూయించాము. కూలి బాగానే అయింది, కానీ మొన్నటి వానలకి పొడి రాలలేదు. పని తెలిసిన ముసలి మేస్త్రీలు తక్కువైపోతున్నారు, దొరికితే వదులుకోకండి.

ప్రశ్న అడిగినావిడ
సార్, దంతె కొనలన్నీ పొడిచి చూశాం, మొన దిగలేదు. పైకెక్కితే తూము దగ్గర పిట్టగోడలో రావి మొక్క ఉంది. దాని వేరు తూములోకి పాకి ఆకులు, మట్టి పట్టి ఉన్నాయి. నీళ్లు అక్కడే నిలుస్తున్నట్టు పాచి మరక కనపడుతోంది, సరిగ్గా ఆ పగులుకు పైనే.

జవాబు (ఒంగోలు)
అదేనమ్మా మూలం. మొక్కను పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తీయించి ఆ సందు సున్నంతోనే మూయించండి. తూము బాగు చేయించి, పైన పగిలిన బిళ్లలు మార్పించండి. పగులు రెండు కొసల్లో పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కదా, అవి తగ్గి గోడలు ఆరాక, సంక్రాంతి దాటాక లోపల పూత మొదలుపెట్టండి. ఆలోగా పగులు ఆ గీత దాటితే ఆగకుండా చెప్పండి.